క్యాంపస్‌లో ఆరోగ్యం, భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడల చుట్టూ ఇప్పుడు క్యాంపస్‌లకు కొదవ లేదు. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం మొదలైన నాటికి చుట్టూ పొలాలే. ఇవాళ ఆ పొలాల మధ్యనే అంతస్తుల మీద అంతస్తులు హాస్టళ్ళు లేచాయి. ఇటువంటి క్యాంపస్‌లలో భద్రత పని చూసేవాడిగా నన్ను అధ్యాపకులు, ల్యాబ్ అసిస్టెంట్లు, వార్డెన్లు, తల్లిదండ్రులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. ఎక్కువసార్లు అడిగినవాటి కంటే, అడగాల్సినంతగా అడగనివాటికి ఎక్కువ చోటిచ్చాను.

భద్రత అంటే సెక్యూరిటీ వాళ్ళు చూసుకునేదే కదా?

కాదు. గేటు దగ్గర ఐడీ కార్డు చూసేది సెక్యూరిటీ. ల్యాబ్‌లో గ్యాస్ సిలిండర్‌ని గోడకు గొలుసుతో కట్టారా, మెస్‌లో గ్యాస్ పైపు మార్చి ఎన్నేళ్ళయింది, పరీక్షల రోజుల్లో మూడో అంతస్తు మెట్ల తలుపుకి తాళం ఎందుకు వేశారు... ఇవి మన విషయం. తెలుగులో సేఫ్టీకి, సెక్యూరిటీకి ఒకే మాట వాడడంతో వచ్చిన చిక్కిది. సేఫ్టీ గురించి మాట్లాడాలని ఫోన్ చేస్తే చాలా ఆఫీసుల్లో గేటు సూపర్‌వైజర్‌కి లైను కలుపుతారు.

మా విభాగంలో ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది? సేఫ్టీ ఆఫీసర్‌దేనా?

పని చేయించేవారిది. విశ్వవిద్యాలయం మొత్తానికి వైస్ ఛాన్సలర్, విభాగానికి హెచ్‌ఓడీ, ల్యాబ్‌కి ఇన్‌ఛార్జి, ప్రాజెక్టుకి గైడు. సేఫ్టీ ఆఫీసర్ సలహా ఇస్తాడు, తనిఖీ చేస్తాడు, అవసరమైతే పని ఆపమంటాడు. మీ ల్యాబ్ తాళం మాత్రం ఆయన దగ్గర ఉండదు.

నేను ఏ గదికి వెళ్ళినా ముందు అడిగేది ఒకటే: దీని తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఆ గదిలో ఏముందో, ఏది అంటుకుంటుందో, ఎవరు ఎప్పుడు వచ్చిపోతారో కూడా ఆ మనిషికే తెలిసుండాలి. జరిగేది వేరు. తాళం అటెండర్ దగ్గర, ఇండెంట్ (సరుకు కావాలని రాసే కాగితం) మీద సంతకం హెచ్‌ఓడీది, ఏ సీసాలో ఏముందన్న లెక్క మూడేళ్ళ కిందట రిటైరైన ప్రొఫెసర్‌గారి బుర్రలో. ఎవరికి వారే యమునా తీరే. ఏదైనా జరిగిన రోజు సంజాయిషీ నోటీసు అందేది అటెండర్‌కి.

భద్రతా కమిటీ ఉంది కదా, చాలదా?

అందులో ఎవరున్నారో చూడండి. అందరూ ప్రొఫెసర్లే అయితే చాలదు. ఎలక్ట్రీషియన్, ల్యాబ్ అసిస్టెంట్, మెస్ వంటాయన, రాత్రి పది దాకా ల్యాబ్‌లో ఉండే పీహెచ్‌డీ విద్యార్థి కూర్చోవాలి. ఏ స్విచ్చి ముట్టుకుంటే షాక్ కొడుతుందో వాళ్ళకి తెలుసు. మూడు నెలలకోసారైనా కలవాలి. పోయినసారి అనుకున్న ప్రతి పని పక్కనా ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండాలి. బడ్జెట్‌లో పద్దు లేని కమిటీ సమోసాలు, టీతో ముగుస్తుంది. ఆ సమోసాలు నేను చాలాసార్లు తిన్నాను.

చట్టం ఏమంటుంది? ఫ్యాక్టరీలకున్నట్టు మాకూ ఒక చట్టం ఉందా?

విశ్వవిద్యాలయాల భద్రత కోసమే రాసిన ఒక్క చట్టమంటూ లేదు. బొంతలా అతుకులు ఉన్నాయి. అగ్నిప్రమాదాలకు ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీస్ చట్టం 1999. ల్యాబ్, ఆసుపత్రి వ్యర్థాలకు 2016 నాటి నియమాలు. రేడియేషన్ ఉన్నచోట అణుశక్తి నియంత్రణ మండలి. విద్యార్థుల విషయంలో 2015లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చిన భద్రతా మార్గదర్శకాలు. ఫ్యాక్టరీల చట్టం, భవన నిర్మాణ కార్మికుల చట్టం సహా 13 పాత చట్టాలను కలిపి తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020ని కేంద్రం 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చింది. క్యాంపస్‌లో కొత్త బ్లాకు కడుతున్న కాంట్రాక్టర్ కూలీల విషయంలో ఇది ముఖ్యం. వాళ్ళు మన ఉద్యోగులు కారు కదా అని ఊరుకోకూడదు, మన ప్రహరీ లోపలే పనిచేస్తున్నారు.

రిస్క్ అసెస్‌మెంట్ (ప్రమాదాల అంచనా) అంటే ఫారం నింపడమేనా?

ఫారం చివరి పని. గుంటూరు వాళ్ళకి గుంటూరు ఉదాహరణే చెబుతాను. ఫుడ్ టెక్నాలజీ ల్యాబ్‌లో ఎండుమిర్చి దంచి పొడి చేయాలనుకోండి. మిక్సీ మూత తీయగానే గదిలో అందరికీ దగ్గు, కళ్ళ మంట. ఆస్తమా ఉన్న పిల్లకి అది దగ్గుతో ఆగదు. సాధారణంగా ఏం చేస్తారు? తలా ఒక మాస్కు ఇచ్చి, "మాస్కు ధరించవలెను" అని బోర్డు పెడతారు. అంటే చివర్నుంచి మొదలెట్టారన్నమాట.

మొదట అడగాల్సింది: అసలు ఇక్కడ దంచాలా? పరీక్ష మిర్చి రంగు మీద, ఘాటు మీద అయితే పొడిగా తెచ్చుకుంటే సరిపోతుందేమో. తప్పదంటే, తక్కువ మోతాదు చాలదా? మూత బిగుతుగా ఉండే గ్రైండర్ దొరకదా? అదీ కాకపోతే ఫ్యూమ్ హుడ్ (ఘాటు గాలిని బయటికి లాగేసే అర) లోపల పెట్టి చేయొచ్చు. ఆ తర్వాత, మిగతా బ్యాచ్ లేని సమయంలో చేయొచ్చు. మాస్కు వంతు వీటన్నిటి తర్వాత వస్తుంది. ఎందుకంటే మిగతావి మనిషి మరిచిపోయినా పనిచేస్తాయి. మాస్కు గడ్డం కిందకి జారితే పనిచేయదు, మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో అది జారకుండా ఉండదు.

ఈ ఆలోచనంతా రెండు పేజీల్లో రాస్తే అదే రిస్క్ అసెస్‌మెంట్. పక్క విభాగం నుంచి కాపీ కొట్టి తేదీ మార్చినది కాదు.

ఒంటి మీద యాసిడ్ పడితే బేకింగ్ సోడా పోయాలా?

నీళ్ళు. కనీసం 15 నుంచి 20 నిమిషాలు, పారే నీళ్ళు. సోడాలు, నిమ్మరసాలు వద్దు, ఆ రసాయన చర్యలో పుట్టే వేడి మరింత కాలుస్తుంది. తడిసిన బట్టలు వెంటనే తీసేయాలి. పదిమందిలో ఎలా అని ఆడపిల్లలు ఆగిపోతారు, అందుకే ల్యాబ్‌లోని సేఫ్టీ షవర్ చుట్టూ ఒక కర్టెన్ పెట్టించండి. పెద్ద ఖర్చేం కాదు. కంట్లో పడితే రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకుని కడగాలి, లెన్సులుంటే కడుగుతూనే తీయాలి. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు సీసా మీది లేబుల్ ఫోటో తీసుకెళ్ళండి.

ఇక్కడ మన ఊళ్ళకే ఉన్న ఒక ఇబ్బంది చెప్పాలి. ఐవాష్‌కి (కళ్ళు కడుక్కునే ల్యాబ్ కుళాయికి) నీళ్ళు డాబా మీది ట్యాంకు నుంచి వస్తాయి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి ఆ కుళాయి తిప్పి చూడండి. నేను తిప్పి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఐవాష్ నీళ్ళు 38 డిగ్రీలు దాటకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. ట్యాంకుకి నీడ, పైపుకి తొడుగు వేయించాలి. వారానికోసారి కుళాయి తిప్పి తేదీ వేయాలి. లేదంటే అవసరమైన రోజు అందులోంచి తుప్పు నీళ్ళు వస్తాయి.

పాత పరికరాలు, గడువు తీరిన రసాయనాలు స్క్రాప్‌కి వేసేయొచ్చా?

కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే గదులు ఖాళీ చేసే తొందరలో ఈ ప్రశ్న పుడుతుంది. జవాబుకి ముందు ఢిల్లీ సంగతి వినండి. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న ఒక గామా పరికరం ఉండేది. 1985 నుంచి దాన్ని ఎవరూ వాడలేదు. 2010 ఫిబ్రవరిలో మిగతా తుక్కుతో పాటు వేలం వేశారు. అది మాయాపురి స్క్రాప్ బజారుకి చేరింది. అక్కడ దాన్ని విడగొట్టిన కార్మికులకి లోపల ఏముందో తెలియదు. ఏప్రిల్‌లో ఒకరి తర్వాత ఒకరు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఆ పరికరం తెప్పించిన తరం రిటైరైపోయింది. వేలం కాగితాలు మాత్రం సక్రమంగానే ఉండి ఉంటాయి.

కాబట్టి గుర్తు తెలియని వస్తువు ఏదీ గేటు దాటకూడదు. రేడియేషన్ గుర్తున్నా, సీసపు పెట్టెలా బరువుగా ఉన్నా ముట్టుకోకుండా రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పండి. రసాయనాల్లో రెండు రకాలకి నేను భయపడతాను: తెరిచి ఏళ్ళయిన ఈథర్ సీసాలు, ఎండిపోయిన పిక్రిక్ యాసిడ్. మొదటిదాంట్లో పెరాక్సైడ్లు పేరుకుంటాయి, రెండోది ఎండితే పేలుడు పదార్థమే. మూత తిప్పితే చాలు, పేలొచ్చు. అలాంటివి కనిపిస్తే కదపకుండా గదికి తాళం వేసి, తెలిసినవారిని పిలవండి. మిగతావి అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల సంస్థకే ఇవ్వాలి, 90 రోజులకు మించి సాధారణంగా నిల్వ ఉంచకూడదు. సింకులో పోయడం అసలు వద్దు. మన డ్రెయిన్లు చివరికి ఎవరి పంట కాలువలో కలుస్తాయో మీకు తెలుసు.

బయోటెక్, నర్సింగ్, ఫార్మసీ ల్యాబ్‌ల వ్యర్థాలు?

ఏది ఏ రంగు సంచిలో, డబ్బాలో వేయాలో గుర్తుంచుకోండి. కణజాలం, రక్తం అంటిన దూది పసుపు. వాడిన గ్లవ్స్, ట్యూబులు ఎరుపు. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బా. గాజు నీలం. 48 గంటలు దాటనివ్వొద్దు. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టే అలవాటు మానండి, ఎక్కువగా గుచ్చుకునేది అప్పుడే.

అగ్నిప్రమాదానికి మంటలార్పే సిలిండర్లు పెట్టాం. ఇంకేం కావాలి?

తాళాలు తీయాలి. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ కేర్ సెంటర్‌గా నడుపుతున్న ఒక హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. ఏ భవనంలోనైనా మంట కంటే ముందు పొగ చేరుతుంది, మెట్ల దారి పొగగొట్టంలా మారుతుంది. రెండో మెట్ల దారి అందుకే కడతారు. మన హాస్టళ్ళలో, లైబ్రరీల్లో, ఆ రెండో దారికి గొలుసు, తాళం.

ఎందుకని అడిగితే కారణాలు చెబుతారు: పుస్తకాలు పోతున్నాయి, పిల్లలు రాత్రిళ్ళు బయటికెళ్తున్నారు, పరీక్షల్లో చీటీలు అందుతున్నాయి. ఇవి అబద్ధాలు కావు. కానీ వాటికి మందు లోపలి నుంచి తోస్తే తెరుచుకుని, బయటి నుంచి తెరుచుకోని తలుపు. తెరిస్తే అలారం మోగేలా కూడా దొరుకుతుంది. ఒక హాస్టల్లో తాళంచెవి గాజు పెట్టెలో పెట్టారు, బాగానే ఉందనుకున్నాను. ఆ పెట్టెకి ఇంకో చిన్న తాళం వేశారు. దాని చెవి వార్డెన్‌గారి ఇంట్లో ఉంటుంది.

సిలిండర్ల విషయానికొస్తే, గేజి ముల్లు పచ్చరంగులో ఉందా లేదా నెలకోసారి చూడండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి గేజి ఉండదు, తూకం వేయించాలి. కరెంటు మంటలకి, కంప్యూటర్ ల్యాబ్‌లకి అదే మేలు. దాని కొమ్ము (గ్యాస్ బయటికొచ్చే మూతి) పట్టుకుంటే చేతికి చలి కాటు తగులుతుంది.

మే నెలలో పరీక్షలు. పిల్లలు పడిపోతున్నారు. ఏం చేయాలి?

ముందు టైమ్‌టేబుల్ మార్చండి. ఇక్కడ ఎండలు 45 డిగ్రీలు తాకే రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి పరీక్ష పెట్టి, హాలు బయట మజ్జిగ పోయడం సేవ కాదు, సర్దుబాటు. ఉదయం ఎనిమిదికి మొదలెట్టడం ఖర్చు లేని పని. తోటపని, రోడ్డు పని చేసేవాళ్ళకి కూడా అదే వేళలు. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

నీరసం, చెమట, కళ్ళు తిరగడం అయితే నీడ, ఓఆర్‌ఎస్ చాలు. పొంతన లేకుండా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా, ఒళ్ళు కాలిపోతున్నా వడదెబ్బ ముదిరింది. ఒంటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ప్రాణాపాయం. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఒళ్ళంతా తడిపి విసనకర్రతో విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

వరదొస్తే?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, అంతకుముందు ఏడాది డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు అందరం చూశాం. మీ క్యాంపస్‌లో ప్యానెల్ బోర్డు, జనరేటర్, రసాయనాల స్టోర్ నేల అంతస్తులోనో సెల్లార్‌లోనో ఉన్నాయా? ఉంటే వానలకు ముందే పైకి మార్చండి. నీళ్ళు దిగాక ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయొద్దు. వాటర్ కూలర్లకి, గీజర్లకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకపోతే అది ఈ వారమే పెట్టించండి. వానాకాలపు షాకుల్లో ఎక్కువగా వినేవి కూలర్ దగ్గరివే.

హాస్టల్ పక్కనే పొలాలు. పాములొస్తున్నాయి. స్నేక్ క్యాచర్ నంబరు చాలా?

ఎలుకలు రాకపోతే పాములు తగ్గుతాయి. మెస్ వెనక చెత్త కుండీ చూడండి ముందు. త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగిటి విషానికీ ఒకటే విరుగుడు మందు పనిచేస్తుంది, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి తెలియదు. పొద్దున్నే కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం అంటే అనుమానించాలి. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం వద్దు. కాలు కదలనివ్వకుండా గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి), విజయవాడ జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్‌లలో ఏది దగ్గరైతే అక్కడికి. పామును చంపి తీసుకెళ్ళాలని వెతకడం వల్ల రెండో మనిషి కాటు తింటాడు.

మా అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. నీళ్ళు మంచివేనా అని ఎలా తెలుసుకోవాలి?

వార్డెన్‌ని రెండు అడగండి, అమ్మా. ట్యాంకు, సంపు ఎప్పుడు కడిగారు? చివరి కుళాయి దగ్గర క్లోరిన్ ఎంత వస్తోంది? లీటరుకి 0.2 మిల్లీగ్రాములన్నా మిగిలుండాలి. క్లోరిన్ పరీక్షకి వాడే ఓటీ ద్రావణం రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, చూడడానికి నిమిషం పట్టదు. 2018లో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి డయేరియా ప్రబలింది, ప్రాణాలు పోయాయి. ఆర్‌ఓ మిషన్ ఉంది కదా అంటారు. ఫిల్టరు మార్చని ఆర్‌ఓ కంటే మరిగించిన నీళ్ళు మేలు. ఒకే హాస్టల్ నుంచి ఒకే రోజు ముగ్గురు వాంతులతో డిస్పెన్సరీకి వస్తే, అది ముగ్గురి అజీర్తి అనుకోవద్దు.

సెప్టిక్ ట్యాంకు శుభ్రం కాంట్రాక్టర్ పని కదా?

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని లోపలికి దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం, ఎవరు దింపినా సరే. ఎంత ప్రమాదమో చెప్పాలంటే, లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢమైతే వాసన కూడా తెలియదు, ముక్కు మొద్దుబారుతుంది. మొదటివాడు పడిపోతాడు, తీద్దామని దిగిన రెండోవాడూ పోతాడు. మూత తాళం ఎస్టేట్ ఆఫీసు దగ్గరే ఉండాలి. యంత్రం వచ్చాకే తీయాలి.

పిల్లల్ని టూర్‌కి తీసుకెళ్తున్నాం. అనుమతి పత్రాలు తీసుకున్నాం.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళవి. తల్లిదండ్రుల దగ్గర సంతకాలు పెట్టించుకోవడం మనకి ఆధారం కోసమే. నీళ్ళ దగ్గర ఆగాలా వద్దా అన్నది ముందే నిర్ణయించి, బస్సు ఎక్కేముందే పిల్లలకి చెప్పాలి. సూర్యలంక తీరానికైనా, కృష్ణా ఘాట్లకైనా ఇదే మాట.

ర్యాగింగ్, లైంగిక వేధింపులు భద్రత కిందికే వస్తాయా?

వస్తాయి. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీకి ఘటన జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణముంటే గడువు పెంచుతారు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. విద్యార్థినులకూ ఇది వర్తిస్తుంది. కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద లేకపోతే కమిటీ లేనట్టే లెక్క.

మానసిక ఆరోగ్యం గురించి ఏదో కొత్త ఆదేశం వచ్చిందట?

విశాఖలో ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. హాస్టళ్ళలో ఫ్యాన్లకి రక్షణ, డాబాల మీదికి అదుపు లేని రాకపోకలు ఆపడం కూడా అందులో ఉన్నాయి. ఇక్కడ ఒక్కచోట తాళం మంచిదే. కౌన్సెలర్ గదిని మాత్రం ప్రిన్సిపాల్ ఛాంబర్ ఎదురుగా పెట్టకండి, ఎవరూ రారు. ఏ వేళైనా తెలుగులో మాట్లాడేందుకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది.

ఏమీ జరగలేదు, తృటిలో తప్పింది. అదీ రాయాలా?

అదే ముందు రాయాలి. సీలింగ్ ఫ్యాను ఖాళీ బెంచీ మీద పడితే మీకు ఉచితంగా దొరికిన సమాచారం. కానీ రాసినవాడి మీదే మెమో వస్తే రెండోసారి ఎవరూ రాయరు. పేరు లేకుండా వాట్సాప్‌లో ఫోటో పంపినా తీసుకోండి.

అత్యవసరానికి ఏ నంబరుకి చేయాలి?

అంబులెన్స్ 108, ఫైర్ 101, అన్నిటికీ కలిపి 112. ఫోన్ చేసేవాడు క్యాంపస్ పేరు చెప్పి ఆగిపోతాడు. ఏ గేటు, ఏ బ్లాకు, ఎన్నో అంతస్తు అనేది చెప్పాలి. ఒక మనిషి గేటు దగ్గరికి ఎదురెళ్ళి నిలబడాలి. ఒక రాత్రి అంబులెన్స్ మ్యాప్ చూపినట్టు వెనక గేటుకొచ్చింది. తాళం వేసుంది. చెవి ఉన్న గార్డు ముందు గేటు దగ్గర టీ తాగుతున్నాడు. అతని తప్పేం లేదు, ఆ గేటుకి రాత్రిపూట మనిషిని వేయొద్దని పైనుంచే చెప్పారు. ఇప్పుడు ఆ క్యాంపస్‌లో వెనక గేటు తాళంచెవి రెండోది లేడీస్ హాస్టల్ డెస్క్ దగ్గర కొక్కేనికి వేలాడుతుంది. మీ దగ్గర ఎక్కడుందో ఈ రాత్రి ఒకసారి నడిచి వెళ్ళి చూసి రండి.